ముందు చేరినవాళ్లదే చోటు

ఏమర్రా, అన్నాలయ్యాయా? ఇలా రండి, అరుగు మీద కూర్చుందాం. పొద్దున మీ బామ్మ ఎక్స్‌రే ఫిల్ము కిటికీకి ఆనించి పట్టుకుని మీరిద్దరూ చేసిన హడావుడి అంతా చూశాను. తుంటి దగ్గర మొదలై తొడ ఎముకలోకి దిగిన ఆ తెల్లటి లోహపు కాడని చూసి చిన్నాడు, "తాతయ్యా, ఇది లోపల తుప్పు పట్టదా?" అన్నాడు. అమ్మలు ఇంకో మాట అడిగింది. "దాని మీద క్రిములు చేరితే ఎలా కడుగుతారు?" అని. చిన్నాడి ప్రశ్నకి చప్పున జవాబు చెప్పేయొచ్చు. అమ్మలు అడిగింది మాత్రం ఆషామాషీ ప్రశ్న కాదు. ఎముకల డాక్టర్లు, లోహాలు తెలిసినవాళ్లు, సిరామిక్ ఇంజనీర్లు దశాబ్దాలుగా దాని చుట్టూనే తిరుగుతున్నారు.

ముందు తుప్పు సంగతి తేల్చేద్దాం. బామ్మ తొడలో దిగిన కాడ టైటానియంతో చేసింది, కొంచెం అల్యూమినియం, ఇంకొంచెం వనేడియం కలిపి. టైటానియం మనకి తెలియని సరుకేం కాదు. భీమిలి దగ్గరా, శ్రీకాకుళం తీరం వెంబడీ ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి చూడండి, అందులో ఇల్మనైట్ అనే ఖనిజం ఉంటుంది. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం అది. హైదరాబాదులో 1973లో పెట్టిన మిధాని కర్మాగారం టైటానియం మిశ్రమాలు తయారుచేస్తుంది, ఎముకల ఆపరేషన్లకి వాడే రకంతో సహా. ఈ లోహాన్ని కోసి గాలి తగలనిస్తే చాలు, రెప్పపాటులో దాని మీద ఆక్సైడ్ పొర కమ్ముకుంటుంది. దాని మందం కొద్ది నానోమీటర్లు. మిల్లీమీటరుని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు. అంత పల్చటి పొరే అయినా, ఎక్కడైనా గీసుకుపోతే అక్కడ మళ్లీ తనంతట తానే పుడుతుంది. రక్తంలో ఉప్పు ఉన్నా, ఏళ్లు గడిచినా లోపలి లోహాన్ని అది కాపాడుతుంది. తుప్పు కథ అంతే.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి మీరు. ఆ పొర లోహం కాదు, సిరామిక్. కుండ, ఇటుక, గాజు, పింగాణీ కప్పు, అన్నీ సిరామిక్ కుటుంబమే. మా అమ్మ అన్నం తినే తెల్లటి పళ్లెం ఒకటి అటక మీద ఉంది, నీలం అంచుది. ఇనుప రేకు మీద గాజుని కరిగించి అంటించిన పళ్లెం అది. లోహం మీద సిరామిక్ పూత పూయడం మనుషులు ఎప్పుడో నేర్చిన విద్య. దాన్ని ఒంట్లోకి తీసుకెళ్లడం కొత్త.

టైటానియానికీ ఎముకకీ ఇంత స్నేహమని మొదట తెలిసింది అనుకోకుండా. స్వీడన్‌లో పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ అనే డాక్టరు 1952లో కుందేలు కాలి ఎముకలో చిన్న టైటానియం గొట్టం లాంటిది అమర్చి, మూలుగలో రక్తం ఎలా పారుతుందో చూస్తున్నాడు. పని అయ్యాక దాన్ని తీసి మళ్లీ వాడుకుందామనుకున్నాడు. అది రాలేదు. ఎముక దాన్ని పట్టేసింది. ఇంకొకరైతే విసుక్కుని ఊరుకునేవారు. ఆయన మాత్రం ఇది ఎందుకు రాలేదని ఆలోచించి, 1965లో ఒక మనిషి దవడలో టైటానియం మరలు బిగించి వాటి మీద పళ్లు కట్టాడు. ఆ మరలు ఆ రోగి బతికినన్నాళ్లూ, అంటే నలభై ఏళ్లకి పైగా కదల్లేదు.

తర్వాత డాక్టర్లకి ఆశ పెరిగింది. ఎముక లోహాన్ని పట్టుకునేదాకా ఎందుకు కాచుకోవాలి, దాన్ని తొందరపెట్టే పూత ఏదైనా వేయలేమా అనుకున్నారు. మన ఎముక బరువులో మూడింట రెండు వంతులు ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన ఆ ఖనిజానికి దగ్గరి చుట్టం హైడ్రాక్సీఅపటైట్. దీన్ని ప్రయోగశాలలో తెల్లటి పొడిగా చేసుకోవచ్చు. లండన్‌లో రోనాల్డ్ ఫర్లాంగ్ అనే సర్జన్ 1985లో ఆ పూత వేసిన తుంటి కాడని మనిషికి అమర్చాడు. ఎముక కణాలు దాన్ని పరాయిదిగా చూడవు. తమ ఎముకే అనుకుని దాని మీద కొత్త ఎముకని కట్టుకుంటూ పోతాయి. ఇప్పుడు మన ఊళ్లలో పెద్దాసుపత్రుల్లో సిమెంటు లేకుండా బిగించే తుంటి కాడల్లో ఈ పూతవి బోలెడు.

అమ్మలూ, ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తున్నా.

మన చర్మం మీద, ముక్కులో స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా ఎప్పుడూ కాపురం ఉంటాయి. 1880ల్లో అబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జను పుళ్లలోని చీముని మైక్రోస్కోపు కింద పెట్టి, గుత్తులు గుత్తులుగా ఉన్న వీటిని గుర్తించాడు. ఒక్కొక్కటీ మిల్లీమీటరులో వెయ్యో వంతు. చర్మం మీద ఉన్నంతసేపూ పెద్దగా హాని చేయవు. గాయంలోకి కొన్ని దిగినా రక్తంలోని తెల్లకణాలు వాటి పని పడతాయి. కానీ అక్కడ ఒంటికి చెందని వస్తువు ఏదైనా ఉంటే లెక్క మారిపోతుంది. 1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని మనుషుల మీదే పరీక్షించి చూశారు. మామూలుగా చర్మంలో చీము పట్టాలంటే పది లక్షలకి మించి బాక్టీరియా కావాలి. అక్కడ ఒక్క పట్టుదారం కుట్టు ఉంటే వంద చాలు. ఒక్క దారప్పోగు పదివేల రెట్లు తేడా తెచ్చింది. దారానికే అంత అయితే, జానెడు లోహపు కాడకి ఎంతో మీరే ఊహించుకోండి.

ఎందుకలా అని అడగండి. 1987లో ఆంథొనీ గ్రిస్టీనా అనే అమెరికా ఎముకల డాక్టరు దీనికి చక్కటి మాట చెప్పాడు. లోహాన్ని ఒంట్లో పెట్టిన క్షణం నుంచీ దాని పైభాగం కోసం పరుగుపందెం మొదలవుతుందన్నాడు. ఒక పక్క ఎముక కణాలు, ఇంకో పక్క బాక్టీరియా. ఎవరు ముందు చేరితే చోటు వాళ్లది. సంక్రాంతికి విజయవాడ బస్టాండులో చూశారుగా, బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టేస్తారు. తర్వాత ఎవరు ఎంత అరిచినా రుమాలు వేసినవాడిదే సీటు. లోహం మీద కూడా అదే న్యాయం. ఎముక కణాలు ముందు పరుచుకుంటే బాక్టీరియాకి కాలు పెట్టే జాగా ఉండదు. బాక్టీరియా ముందు చేరితే ఎముక కణాలు దరికి రాలేవు.

ఈ పందెంలో ఎముకకి రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, అది నిదానం. ఎముక కణం లోహాన్ని పట్టుకుని పరుచుకోవడానికే గంటలు కావాలి, ఎముక కట్టడానికి వారాలు. బాక్టీరియా అలా కాదు. తిండి బాగా దొరికితే అరగంటకొకసారి ఒకటి రెండవుతుంది. చిన్నా, నువ్వు లెక్క చెయ్యి. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది... పది గంటల్లో ఇరవై సార్లు రెట్టింపు. అవును, పది లక్షలు దాటుతుంది. రెండో ఇబ్బంది నాకు మరీ ఆశ్చర్యంగా ఉంటుంది. లోహం రక్తానికి తగలగానే, ఏ కణమూ రాకముందే, రక్తంలోని ప్రొటీన్లు దాన్ని కప్పేస్తాయి. ఫైబ్రినోజెన్, ఫైబ్రోనెక్టిన్ అనేవి అందులో ముఖ్యమైనవి. ఎముక కణం లోహాన్ని నేరుగా పట్టుకోదు, ఈ ప్రొటీన్లని పట్టుకుంటుంది. స్టెఫిలోకాకస్ ఒంటి మీద కూడా సరిగ్గా ఆ ప్రొటీన్లనే పట్టుకునే కొక్కేలు ఉన్నాయి. అంటే మన ఒళ్లు తన కణాల కోసం వేసుకున్న దారిలోనే శత్రువూ నడిచొస్తుంది.

చోటు దొరికాక అవి ఊరుకోవు. చుట్టూ జిగురు కక్కుకుని, దాని కింద పొరలు పొరలుగా స్థిరపడతాయి. దాన్నే బయోఫిల్మ్ అంటారు. రాత్రి బ్రష్ చేసుకోకుండా పడుకుంటే పొద్దున పళ్ల మీద నాలుకకి తగిలే పాచి ఉంటుందే, అది కూడా ఈ జాతిదే. ఆ జిగురులోకి తెల్లకణాలు సరిగా చొరబడలేవు. యాంటీబయాటిక్ వెళ్లినా, లోపల కొన్ని బాక్టీరియా తిండి మానేసి, పెరగడం మానేసి మగతగా పడి ఉంటాయి. పెరిగే క్రిముల్ని చంపే మందు, పెరగని క్రిమిని ఏం చేస్తుంది? విడిగా తిరిగే బాక్టీరియాని చంపే మోతాదుకి వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు పెంచినా అవి చావకపోవచ్చు. అంత మందు మనిషికి ఇవ్వలేం.

అందుకే, అమ్మలూ, "ఎలా కడుగుతారు" అంటే, చాలాసార్లు కడగడం కుదరదు. ఆపరేషన్ అయిన కొద్ది వారాల్లోనే కనిపెడితే తెరిచి శుభ్రం చేసి, మార్చగలిగిన ముక్కలు మార్చి, మందులతో కాపాడే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే ఆ కాడని మొత్తం పీకేయాలి. దాని స్థానంలో మందు కలిపిన సిమెంటు ముక్క పెట్టి, వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇచ్చి, చీము లేదని తేలాక రెండో ఆపరేషన్‌లో కొత్తది బిగించాలి. ఎముక గట్టిగా పట్టేసిన కాడని పీకడమంటే ఎముకని చీల్చడమే. అరవై, డెబ్బై ఏళ్ల మనిషి మంచం పట్టి ఆ నెలలు ఎలా గడుపుతారో దగ్గరుండి చూసినవాళ్లకి తెలుస్తుంది. మొదటిసారి తుంటి, మోకాలు మార్చుకున్నవాళ్లలో నూటికి ఒకరిద్దరికి ఇలా చీము పడుతుంది. ఒకటో రెండో కదా అనిపిస్తుంది. ప్రపంచంలో ఏటా లక్షల్లో జరిగే ఆపరేషన్లతో దాన్ని హెచ్చించి చూడండి.

మాటల్లో మాట. పుత్తూరు కట్టు గురించి మీ నాన్న చెప్పే ఉంటాడు. చర్మం తెగకుండా లోపల విరిగిన ఎముకకి బయటినుంచి బద్దలు పెట్టి కట్టే పద్ధతిలో చీము భయం తక్కువగా ఉండేది ఇందుకే. క్రిమి లోపలికి పోయే దారి లేదు, అది ఆనుకోవడానికి లోహమూ లేదు. కానీ ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చిందా, ఇక పసర్లు, కట్లు అని కూర్చోకూడదు. ఆ దారి తెరుచుకున్నాక ప్రతి గంటా బాక్టీరియాదే. వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

పూతల సంగతికి వెళ్లేముందు ఒక మహానుభావుడి పేరు చెప్పి తీరాలి. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ ఉండేవాడు. ఈవేళ మనం చూసే తుంటి మార్పిడికి 1962లో ఒక రూపం ఇచ్చింది ఆయనే. తొలిరోజుల్లో ఆయన ఆపరేషన్లలో నూటికి ఏడుగురు దాకా చీము పట్టి బాధపడేవారు. అది ఆయనకి నిద్ర పట్టనివ్వలేదు. గాలిలో తేలే ధూళి, మనుషుల చర్మం నుంచి రాలే పొట్టు, వాటితోపాటు బాక్టీరియా గాయంలో పడుతున్నాయని అనుమానించాడు. ఆపరేషన్ బల్ల చుట్టూ చిన్న గది కట్టించి, వడగట్టిన గాలిని పైనుంచి కిందికి పారించాడు. సర్జన్లు వదిలే ఊపిరిని గొట్టాలతో బయటికి లాగే దుస్తులు కుట్టించాడు. కొన్నేళ్లలో ఆ ఏడు శాతం ఒకటి కంటే కిందికి దిగింది. అప్పట్లో ఆయన ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్స్ కూడా ఇచ్చేవాడు కాదు. నా మటుకు నాకు, ఏ గొప్ప పూతా ఇంతవరకు శుభ్రమైన థియేటరు చేసినంత మేలు చేయలేదు. పూతలు ఎంత బాగున్నా, అవి ఆ శుభ్రానికి తోడు రావాల్సినవే.

మందు కలపడం కూడా పాత ఆలోచనే. హాంబర్గ్‌లో బుఖోల్జ్ అనే డాక్టరు ఎముక సిమెంటులో జెంటామైసిన్ కలిపి వాడాడు. ఇప్పటికీ వాడుతున్నారు. అయితే యాంటీబయాటిక్‌తో ఒక చిక్కు ఉంది. మొదట్లో బాగా కారి, తర్వాత సన్నగా, ఎటూ చాలని మోతాదులో కారుతూ ఉంటే, ఆ కొద్ది మందుకి అలవాటుపడి తట్టుకునే బాక్టీరియా పుట్టుకొస్తాయి. అందుకే కొందరు యాంటీబయాటిక్ దారి వదిలి, సిరామిక్ పూతలోనే క్రిములకి గిట్టని గుణం పెడదామని చూశారు.

వాళ్లకి ముందు గుర్తొచ్చింది వెండి. మీ ఇద్దరికీ ఉగ్గు పెట్టింది వెండి గిన్నెతోనే. వెండి నుంచి ఊడివచ్చే విద్యుదావేశం ఉన్న పరమాణువులు బాక్టీరియా పైపొరని దెబ్బతీస్తాయి, లోపలి ఎంజైములలో గంధకం ఉన్న చోటల్లా అతుక్కుని వాటిని పని చేయనివ్వవు. ఒకేసారి ఇన్ని చోట్ల దెబ్బ తగలడంతో బాక్టీరియా దాన్ని తట్టుకునేలా మారడం కష్టమవుతుంది. జపాన్‌లో సాగా విశ్వవిద్యాలయం డాక్టర్లు క్యోసెరా కంపెనీతో కలిసి, హైడ్రాక్సీఅపటైట్ పొడిలో వెండి ఆక్సైడ్ నూటికి మూడు పాళ్లు కలిపి కాడ మీద పూశారు. 2016 నుంచి ఆ తుంటి కీలు జపాన్‌లో వాడకంలో ఉంది.

ఇలాంటి పొడి లోహానికి ఎలా అంటుకుంటుందో చెబుతా. హైడ్రాక్సీఅపటైట్ పూతలకి ఎక్కువగా వాడే పద్ధతి ప్లాస్మా స్ప్రే. ఆర్గాన్ లాంటి వాయువులోంచి విద్యుత్తు పంపితే పుట్టే మంట అది, లోపల పదివేల డిగ్రీలు దాటుతుంది. పిండిలాంటి తెల్లటి పొడిని ఆ మంటలోకి ఊదుతారు. ఒక్కో రేణువు మంటలో ఉండేది సెకనులో వెయ్యో వంతు, అంతే. ఆ కాసేపట్లో పైభాగం కరుగుతుంది, లోపలి గుండు చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. అలా సగం కరిగి విసురుగా వచ్చి లోహానికి కొట్టుకుని, చదునుగా అప్పడంలా పరుచుకుని గడ్డకడుతుంది. దాని మీద ఇంకొకటి, దాని పక్కన మరొకటి. ఇలా మిల్లీమీటరులో పదో వంతు మందం చేరేదాకా చల్లుతారు. ఆ వేడికి పొడిలో కొంత భాగం తన స్ఫటిక రూపం పోగొట్టుకుంటుంది. అలా చెదిరిన భాగం ఒంట్లో తొందరగా కరుగుతుంది. మామూలు పూతకి అది లోపం. వెండి పూతకి అదే అక్కరకొస్తుంది, ఎందుకంటే అది కరిగే కొద్దీ వెండి బయటికి వస్తుంది, అదీ అవసరం ఎక్కువగా ఉన్న తొలి రోజుల్లో.

అయితే వెండి ఎక్కువైతే ఎముక కణాలకీ విషమే. బాక్టీరియాని చంపే మోతాదుకీ, మన కణాల్ని నొప్పించే మోతాదుకీ మధ్య జాగా చాలా ఇరుకు. ఈ రంగంలో అసలు పనితనమంతా ఆ ఇరుకులోనే ఉంది. గాజుపాత్రలో క్రిములన్నీ చచ్చాయని గొప్పగా చెప్పే పరిశోధనలు కుప్పలు. అదే పూత మీద ఎముక కణాలు బతికాయా అన్న ప్రశ్నకి జవాబు ఇవ్వని పరిశోధనని నేను నమ్మను. రెండింటినీ ఒకే పాత్రలో, ఒకే లోహపు బిళ్ల మీద పోటీకి దించి ఎవరు గెలిచారో చూడాలి. మంచి ప్రయోగశాలలు ఇప్పుడు అలాగే చేస్తున్నాయి. వెండి బదులు జింకు, రాగి వాడి చూసేవాళ్లూ ఉన్నారు. జింకు మన ఎముకలోనే సహజంగా కొంచెం ఉంటుంది కాబట్టి కణాలు దాన్ని కాస్త ఎక్కువగా ఓర్చుకుంటాయి. చంపే శక్తి మాత్రం వెండి కంటే తక్కువ.

జపాన్‌లోనే కనజావా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో దారి పట్టారు. పైనుంచి పూత చల్లకుండా, టైటానియం తన మీద తాను పెంచుకునే ఆక్సైడ్ పొరనే మందంగా పెంచి, దాని సన్నటి రంధ్రాల్లో అయోడిన్ నింపారు. మీ మోకాలు గీసుకుపోతే గోధుమరంగు మందు రాస్తానే, పోవిడోన్ అయోడిన్, సరిగ్గా అదే. క్యాన్సర్ వల్ల ఎముక తీసేసినవాళ్లకి, అప్పటికే చీము పట్టినవాళ్లకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి వాడి, 222 మంది ఫలితాలు 2012లో ప్రకటించారు. చాలామంది బాగున్నారు. చీము పట్టిన కొద్దిమందిలో కూడా లోహం పీకకుండానే నయమైంది. అయోడిన్ ఒంటికి కావలసిన పదార్థమే, థైరాయిడ్ దాంతోనే నడుస్తుంది. అందుకే ఈ ఆలోచన నాకు బాగా నచ్చింది.

టైటానియం మీద పొర పెంచడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. లోహాన్ని ద్రవంలో ముంచి విద్యుత్తు ఇస్తే ఆక్సైడ్ పొర మందమవుతుంది. వోల్టేజి పెంచుతూ పోతే రంగు మారుతుంది, బంగారం రంగు, ఊదా, నీలం. రంగేమీ కలపలేదు. పల్చటి పొర పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చే వెలుగు కలిసి ఆడే ఆట అది. ఎముకల డాక్టర్ల పెట్టెలో మరలు రంగురంగుల్లో ఉంటే అలంకారం అనుకోకండి. సైజు గుర్తుపట్టడానికి ఇలా చేసుకుంటారు. వోల్టేజి ఇంకా పెంచి కొన్ని వందలకి తీసుకెళితే ద్రవంలో లోహం మీద చిన్న చిన్న మెరుపులు పుట్టి అటూ ఇటూ పరుగులు తీస్తాయి. ఒక్కో మెరుపు తగిలిన చోట ఆక్సైడ్ కరిగి, బుడగ పగిలి, కంటికి కనపడని గుంట మిగులుతుంది. దీన్ని మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్ అంటారు. ద్రవంలో కాల్షియం, ఫాస్ఫేటు, వెండి లాంటివి కలిపితే అవి కూడా పొరలో చేరిపోతాయి. హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ ఈ పద్ధతి తెలిసిన సంస్థ. అక్కడ రకరకాల లోహాల మీద ఇలాంటి పొరలు పెంచారు. ఈ పొర లోహంలోంచే పుట్టింది కాబట్టి ఊడి రావడం కష్టం.

ఊడి రావడమనేది చిన్న సమస్య కాదు. లోహం, సిరామిక్ వేడికి ఒకేలా సాగవు, చల్లారేటప్పుడు ఒకేలా ముడుచుకోవు. పూత వేసిన గంటలోనే లోపల ఒత్తిడి పుట్టి బీటలు రావచ్చు. అందుకే ప్రపంచ ప్రమాణాలు ఒక పరీక్ష పెట్టాయి. పూత వేసిన బిళ్లని ఇంకో బిళ్లకి జిగురుతో అంటించి, రెండిటినీ ఎదురెదురుగా లాగుతారు. హైడ్రాక్సీఅపటైట్ పూత చదరపు మిల్లీమీటరుకి కనీసం 15 న్యూటన్ల లాగుడు తట్టుకోవాలి. మన లెక్కలో బొటనవేలి గోరంత పూతకి ఒకటిన్నర క్వింటాలు వేలాడదీసినా ఊడకూడదు. మనిషి మెట్లెక్కేటప్పుడు తుంటి మీద తన బరువుకి రెండు, మూడు రెట్లు పడుతుంది. అది రోజూ, ఏళ్ల తరబడి. ఊడిన రేణువు కీలు మధ్యకి జారితే ఇసుకలా రాసి మరో అనర్థం తెస్తుంది.

గాజు కథ కూడా వినండి, ఇది నాకు ఎంతో ఇష్టం. 1967లో లారీ హెంచ్ అనే ఫ్లోరిడా సిరామిక్ ప్రొఫెసరు ఒక సమావేశానికి బస్సులో వెళుతున్నాడు. పక్కన కూర్చున్నది వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైన్యాధికారి. కుర్రాళ్ల కాళ్లూ చేతులూ పోతున్నాయి, లోహం, ప్లాస్టిక్ పెడితే ఒళ్లు ఒప్పుకోవడం లేదు, ఒళ్లు ఒప్పుకునే పదార్థం ఏదైనా చేయలేరా అని అడిగాడాయన. హెంచ్ ఆ ప్రశ్నని మరిచిపోలేదు. ఇసుక, సోడా, సున్నం, కాస్త ఫాస్ఫరస్ కలిపి 1969లో ఒక గాజు చేశాడు. ఎలుకల ఎముకలో పెడితే ఆరు వారాల తర్వాత దాన్ని ఊడదీయలేకపోయారు. ఆ తరహా గాజు ఒంట్లో కరుగుతూ చుట్టూ క్షారగుణాన్ని, ఉప్పు సాంద్రతని పెంచుతుంది. అది బాక్టీరియాకి గిట్టదు. ఫిన్లండులోని తుర్కులో తయారైన ఒక రకాన్ని ఎముకలో పాత చీము గూడుకట్టిన చోట శుభ్రం చేశాక నింపుతున్నారు. దీన్ని టైటానియం మీద పూతగా నిలబెట్టడం మాత్రం మహా కష్టం. చల్లారేటప్పుడు టైటానియం కంటే గాజు ఎక్కువ ముడుచుకుని పగుళ్లిస్తుంది. దానికోసం గాజు పాళ్లు మార్చి మార్చి చూస్తున్నారు.

చిన్నా, నువ్వు తూనీగ రెక్క పట్టుకుంటే నీ అక్క తిడుతుంది చూడు. ఆ రెక్క మీద కంటికి కనపడని సూదిమొనలు ఉంటాయి. వాటి మీద వాలిన బాక్టీరియా పైపొర సాగి చిట్లిపోతుందని ఆస్ట్రేలియాలో ఎలీనా ఇవనోవా బృందం 2013లో చూపించింది. దాన్ని చూసి టైటానియం మీద అలాంటి ఆక్సైడ్ మొనలు పెంచుతున్నారు. మందు లేదు, వెండి లేదు, ఆకారమే చంపుతుంది. ఎముక కణం బాక్టీరియా కంటే చాలా పెద్దది, మెత్తనిది కాబట్టి ఆ మొనల మీద హాయిగా పరుచుకుంటుంది. ఇది ఇంకా చాలావరకు ప్రయోగశాలల్లోనే ఉంది.

"ఇన్ని ఉంటే అందరికీ ఎందుకు వేయరు తాతయ్యా?" అంటావు, అమ్మలూ. రుజువు చేయడం కష్టం, అదీ కారణం. నూటికి ఒకరికి వచ్చే జబ్బుని కొత్త పూత సగానికి తగ్గించిందని గట్టిగా చెప్పాలంటే, పూత ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిపి తొమ్మిది వేలమందికి పైగా కావాలి. వాళ్లందరినీ ఏళ్ల తరబడి వదలకుండా చూడాలి. చీము కొందరికి నెలలో కనిపిస్తుంది, కొందరికి రెండేళ్లకి. ఆలోగా ఊరు మారినవాళ్లు, ఫోన్లు మార్చినవాళ్లు, వేరే ఆసుపత్రికి పోయినవాళ్లు. స్వీడన్ వాళ్లు 1970ల్లోనే మోకాలికీ, తుంటికీ దేశమంతటికీ ఒకే చిట్టా పెట్టుకున్నారు. ఏ కాడ ఎవరికి వేశారు, ఎన్నేళ్లు నిలిచింది, ఎందుకు తీశారు, అన్నీ అందులో రాస్తారు. ఏ కంపెనీ సరుకు మంచిదో, ఏది నాసిరకమో దాన్ని చూసే తేలుస్తారు. మన దగ్గర తుంటి, మోకాలి సర్జన్ల సంఘం అలాంటి చిట్టా నడుపుతోంది, కానీ అందులో రాయడం డాక్టరు ఇష్టం. ఆ చిట్టా నిండకుండా కొత్త పూతలు అందరికీ పంచలేం. అందుకే ఇప్పటికి అవి ప్రమాదం ఎక్కువున్నవాళ్లకే ముందు వెళుతున్నాయి. షుగరు అదుపులో లేనివాళ్లు, ఎముక క్యాన్సర్ వచ్చినవాళ్లు, ఒకసారి చీము పట్టి రెండోసారి ఆపరేషన్‌కి వచ్చినవాళ్లు, రోడ్డు ప్రమాదంలో ఎముక బయటికి పొడుచుకొచ్చిన కుర్రాళ్లు.